భారమన్న దిగులు ఓదార్పుతో తీరదు

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతంతో బతికేవాళ్లకు నొప్పి గురించి చెప్పుకోవడం కొంత సులువు. ఇంట్లోవాళ్లకు భారమైపోతున్నామన్న దిగులును బయటపెట్టడమే కష్టం. బయటపెట్టగానే "అలా అని మేమెప్పుడైనా అన్నామా?" అంటారు. నిజమే, మల్కాజ్‌గిరిలోని మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. అయినా డెబ్బై దాటిన మా అత్తయ్య పొద్దున్నే నా వెనక కూర్చుని, చిక్కు తీసి జడ వేస్తున్నప్పుడు, నేను ఆవిడకు చేయాల్సిన సేవను ఆవిడ చేత చేయించుకుంటున్నానన్న బాధ ఆ ఓదార్పుతో పోదు.

ఈ జబ్బులో మన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. ఇది వయసుతో వచ్చే అరుగుదల కాదు కాబట్టి, "నాకూ మోకాళ్ల నొప్పులున్నాయి, పని చేసుకోవడం లేదా" అని చుట్టాలు అన్నప్పుడు ఏం చెప్పాలో తోచదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచం మొత్తం మీద 1 కోటి 80 లక్షల మందికి ఈ జబ్బు ఉంది. వారిలో దాదాపు 70 శాతం స్త్రీలు. మన ఇళ్లల్లో పొద్దుటి పని ఎవరి మీద పడుతుందో అందరికీ తెలుసు. ఈ జబ్బు కీళ్లను ఎక్కువగా బిగించేది కూడా సరిగ్గా పొద్దుటిపూటే. గంటకు పైగా నా వేళ్లు ముడుచుకోవు. పాల ప్యాకెట్ కోయడానికి కత్తెర పట్టు దొరకదు, కుక్కర్ మూత తిరగదు, జాకెట్ హుక్కులు అందవు. అదే మనిషిని పదకొండింటికి కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతుంటే, పొద్దున మంచం దిగలేకపోయానంటే నమ్ముతారా? ఎవరూ అనుమానించకపోయినా, అనుమానిస్తున్నారేమోనన్న ఆలోచన నన్ను నొప్పికన్నా ఎక్కువగా పీడించింది.

ఆ పీడ కొంత తగ్గింది అత్తయ్య వల్లే. "అమ్మాయ్, పొద్దుటి వంట నాకొదిలెయ్. రాత్రి వంట, నా బీపీ మాత్రలు, ఇంటి లెక్కలు నీవి" అని ఒకరోజు పనులు పంచేశారు. అప్పటినుంచి కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, పాలవాడి లెక్క, ఇంటర్ చదివే మా అమ్మాయికి సాయంత్రం గణితం చెప్పడం నా పనులయ్యాయి. జబ్బుపడిన మనిషి చేతిలోని పనంతా ప్రేమకొద్దీ లాగేసుకోవడం మంచిది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. "నువ్వు కూర్చోమ్మా, మేం చూసుకుంటాం" అన్న మాట మొదట్లో హాయిగానే ఉంటుంది, కానీ పోనుపోను ఆ ఇంట్లో మన అవసరమే లేదేమో అనిపిస్తుంది.

నేను వాడే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. అందుకే క్యాలెండర్‌లో ఆదివారం గడిలో టిక్కు పెట్టే బాధ్యత మా అమ్మాయి తీసుకుంది. ఈ మందుకూ, దీని దుష్ప్రభావాలు తగ్గించడానికి ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌కూ వెనక, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధన ఉందని తనకు చెప్పాను. మొదట క్యాన్సర్ చికిత్సకు వాడిన మందు ఇది. కీళ్లవాతానికి వాడేందుకు అమెరికాలో 1988లో గాని అనుమతి రాలేదు. ఆయన 1948లోనే కన్నుమూశారు. మన ప్రాంతంవాడే ఒకరు ఎన్నడూ చూడని నా వేళ్లకు ఇంత మేలు చేసి వెళ్లారని తలచుకున్నప్పుడు, ఇంట్లోవాళ్ల సాయం తీసుకోవడానికి నాకు మునుపటంత సిగ్గనిపించదు.

జబ్బు తిరగబెట్టిన రోజుల్లో మాత్రం ఈ పంపకాలేవీ సాగవు. మణికట్లు వాచి, ఒళ్లంతా నీరసంతో, రాత్రి వంట కూడా అత్తయ్య మీదే పడుతుంది. అప్పుడు దిగులు మళ్లీ వస్తుంది. "ఈరోజు నాకు భారంగా అనిపిస్తోందండీ" అని మా వారితో పైకే చెబుతాను. ఆయన ఇప్పుడు వాదించరు. ఏ కీలు వాచిందో, డాక్టరు గారికి ఫోన్ చేయాలో వద్దో అడిగి, దోసెల పిండి కోసం కిందికి వెళతారు.