టైప్ ఇ హెల్మెట్: నాలుగోసారీ ముడతలే

నిన్న రాత్రి ఉతికి, స్టీలు బిందె మీద బోర్లించి ఆరబెట్టాను. పొద్దున లేచి చూస్తే మళ్లీ అదే. నడినెత్తి పట్టీకి అటూ ఇటూ కుట్టు వెంబడి బట్ట ఎండిన నిమ్మతొక్కలా ముడుచుకుపోయింది. ఇది నాలుగో హెల్మెట్, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ పైలట్లు పెట్టుకున్న టైప్ ఇ బట్ట హెల్మెట్‌కి నేను కుడుతున్న నకలు. ఇంట్లో ఆమె ఒకసారి చూసి, "పోయినసారి కంటే నయమే కదా" అంది. నయమే, కానీ ముడత ముడతే.

ఇర్విన్ జాకెట్ (అదే ఆ పైలట్ల గొర్రెతోలు కోటు) మోజు తీరాక పట్టుకున్న పని ఇది. ఈస్ట్‌మన్ అనే కంపెనీ వాళ్లు చేసే నకలు ఇర్విన్ చూస్తే ఇప్పటికీ చేతులు దురద పెడతాయి. కానీ హనుమకొండలో ఆ గొర్రెతోలు వేసుకునేది సంక్రాంతి ముందు ఓ వారం, అదీ తెల్లవారుజామున. పైగా మన దగ్గర ఎక్కువ గొర్రెలకు ఉండేది ఉన్ని కాదు, వెంట్రుకలు. దక్కనీ గొర్రెకు ఉన్ని ఉన్నా అది గొంగడికి పనికొచ్చే ముతక ఉన్ని. అందుకే వేడి ప్రాంతాల కోసం పుట్టినదాని మీద పడ్డాను. టైప్ సి తోలు హెల్మెట్‌కి నూలు తమ్ముడు టైప్ ఇ. దీనికో సాకు కూడా ఉంది. హైదరాబాద్ రాజ్యం పేరు పెట్టుకున్న బ్రిటిష్ వైమానిక దళం 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్ 1943 చివర్లో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలతో ఇండియాకి వచ్చి బర్మా యుద్ధంలో ఎగిరింది. వాళ్ల బ్యాడ్జీ మీద ఉన్నది నిజాం తలపాగా. మామునూరు విమానాశ్రయం రన్‌వేకి అయిదారు మైళ్ల దూరంలో కూర్చున్నవాడికి ఆ ఒక్క ముక్క చాలు.

కుదిరినవి ముందు చెప్పేస్తాను. రంగు మొదటిసారికే వచ్చింది: కరక్కాయ, కాచు, చిటికెడు అన్నభేది. చెవి కప్పులు (ఇయర్‌ఫోన్లు కూర్చునే రబ్బరు గూళ్లు) రబ్బరు బుష్‌లు చేసే షాపులో పోయించాను, సరిపోయాయి. గడ్డం పట్టీ, బకిల్ బాగున్నాయి.

ఇక బట్ట. అసలు హెల్మెట్‌ది ఎయిర్‌టెక్స్ అనే గాలాడే రంధ్రాల నూలు బట్ట. అలాంటిది బజారులో దొరుకుతుంది గాని అది పాలిస్టర్, టీషర్టు సరుకు. మొదటి హెల్మెట్‌కి సిరిసిల్లలో ఒక పవర్‌లూమ్ మీద నూలుతో నేయించాను. అతను ఇచ్చింది మాక్ లీనో, అంటే లీనో నేతకు ఉత్తుత్తి నకలు. కంటికి రంధ్రాలు కనిపిస్తాయి, కానీ పోగులు ఒకదాన్నొకటి పట్టుకోవు. గంట సేపు పెట్టుకుంటే తల చుట్టుకొలత 57 సెంటీమీటర్ల నుంచి 59.5కి సాగింది. చెవి కప్పు కోసం గుండ్రంగా కోసిన కంత కోడిగుడ్డయింది. మాక్ లీనోతో చేసి "ఎయిర్‌టెక్స్ రీప్రో" (నకలు) అని అమ్మేవాళ్లకు ఒక దండం.

అసలు లీనోలో పడుగు పోగులు రెండేసి మెలిపడి పేకను బిగించి పట్టుకుంటాయి. అది వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక తాత చేసిపెట్టాడు. ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసిన మనిషి, మెలి సంగతి చెప్పగానే అర్థం చేసుకున్నాడు. 2/40 నూలు (40 నంబరు పోగులు రెండు మెలిపెట్టింది), అయిదు మీటర్లు. మగ్గం మీద బట్ట చూసి నవ్వాడు: "ఏంది బిడ్డా, జల్లెడ నేపిచ్చుకుంటున్నవ్?" సాగడం అక్కడితో ఆగిపోయింది. ముడతలు మొదలయ్యాయి.

రెండో హెల్మెట్ బట్టను తడపకుండా కోశాను. బుద్ధి తక్కువ పని. నెత్తి పట్టీ నుదుటి నుంచి మెడ దాకా 38 సెంటీమీటర్లు, పడుగు వెంట కోసింది. ఉతికాక 35.3. పక్క ముక్కల కుట్టు అంచు 36.8. అంటే పట్టీ ఒకటిన్నర సెంటీమీటరు ఎక్కువ కుంగి పక్కల్ని లాగేసింది. మగ్గం మీద పడుగు బిగువుగా ఉంటుంది, దానికి తోడు గంజి. నీళ్లు తగలగానే ఆ బిగువంతా వదిలి కుంగుతుంది. ఇంతవరకు ఎవరైనా చెప్పగలరు.

మూడోదానికి బట్టను మూడుసార్లు వేడినీళ్లలో నానబెట్టి, ఎండబెట్టి, అప్పుడు కోశాను. పరీక్ష కోసం 40 సెంటీమీటర్ల చదరపు ముక్క విడిగా ఉతికితే 39.8 వచ్చింది. అంటే బట్ట ఇక కుంగదు. అయినా హెల్మెట్ కుట్టు 38 నుంచి 37.1కి వచ్చి ముడతలు పడింది! రెండు రోజులు బుర్ర గోక్కున్నాను. చివరికి కుట్టు విప్పి చూస్తే, విప్పిన చోట బట్ట చదునుగా పడుకుంది. కుంగుతున్నది బట్ట కాదు, దారం. పాలిస్టర్ దారాన్ని మిషన్ బిగువుగా లాగి కుడుతుంది, తర్వాత అది సావకాశంగా మళ్లీ పొట్టిదవుతుంది. దట్టమైన డ్రిల్ బట్టయితే ఓర్చుకుంటుంది, జల్లెడ బట్ట ఓర్చుకోదు.

నాలుగోదానికి 40 నంబరు నూలు దారం, పైబిగువు సగానికి సగం వదులు, అంగుళానికి 12 ఉన్న కుట్లు 9కి తగ్గించాను. మిషన్ మా అమ్మ కాలి ఉషా. మోటారు మిషన్ల మీద నాకు పగ లేదు గాని, ఇలాంటి బట్ట మీద ఒక్కో కుట్టు చూసుకుంటూ వెళ్లాలంటే కాలి మిషన్‌ను మించింది లేదు. ఫలితం: ముందు 27 సెంటీమీటర్లు అద్దంలా వచ్చింది. మెడ వైపు చివరి 11 సెంటీమీటర్లు మాత్రం నిమ్మతొక్క.

ఈ 11 మీదే ఇవాళంతా పోయింది. మొదటి అనుమానం అంచు టేపు మీద. బట్టను నానబెట్టాను గాని టేపును నానబెట్టలేదు. మిగిలిన టేపు 30 సెంటీమీటర్లు కొలిచి ఉడికిస్తే 28.4 అయింది! మెడ దగ్గర టేపు విప్పేసి, తడిపి ఆరబెట్టాను. ముడత 11 నుంచి 6కి తగ్గింది. మిగిలిన 6 ఎందుకో తేలలేదు. నా ఊహ ఇది: అక్కడ పక్క ముక్క అంచు పడుగుకు ఏటవాలుగా తిరుగుతుంది. మిషన్ పళ్లు కింది పొరను ముందుకు తోస్తాయి, పై పొర వెనకబడుతుంది, ఏటవాలు అంచు సాగుతుంది. లేదా నా నమూనాలోనే మెడ వంపు తప్పు. ఒక మిత్రుడు "తడపకుండా అలమరలో పెట్టుకో, అయిపోతుంది" అన్నాడు. ఏప్రిల్ ఎండలో పది నిమిషాలు తలకు పెట్టుకుంటే తడపాల్సిన పని ఉండదు, అదే తడుస్తుంది.

అయిదోదానికి రెండు మార్పులు. పేపరు ముక్క కింద పెట్టి కుట్టి, తర్వాత చింపేయడం ఒకటి. మెడ దగ్గర ఆ 6 సెంటీమీటర్లు చేత్తో కుట్టడం రెండోది. ఎడమవైపు పేపరు, కుడివైపు చెయ్యి, అప్పుడు తేడా తెలుస్తుంది. అంతకుముందు టేపంతా ఉడికించాలి.

బట్ట మీటరున్నర మిగిలింది, చాలదు. తాతకు మళ్లీ చెప్పాలి, ఈసారి పడుగు కాస్త వదులుగా పొయ్యమని. ఎలాగూ వెళ్తాను కాబట్టి ఖాకీ డ్రిల్ సంగతి కూడా అడుగుతాను. బీడన్ సూట్ మీద మనసు పడింది, బర్మా అడవుల్లో దిగబడితే బతకడానికి కావలసినవన్నీ జేబుల్లో మోసే సూట్ అది. అన్ని జేబులు ఈ చేతులతో కుట్టాలంటే ఇప్పుడే భయంగా ఉంది గాని, డ్రిల్ దట్టమైన బట్ట, పాలిస్టర్ దారం కూడా ఓర్చుకుంటుంది.