అమ్మమ్మ బడి, అడ్మిషన్ నంబరు

"అమ్మమ్మ హిందువు కదా, సిస్టర్ల బడిలో ఎట్ల చేర్చుకున్నరు?"

కుటుంబ చరిత్ర ప్రాజెక్టుకు మా పాప అడిగింది ఇదొక్కటే. మేమిప్పుడుంటున్న ఈ పరాయి దేశంలో క్యాథలిక్ బడిలో సీటుకు బాప్టిజం సర్టిఫికెట్ అడగడం చూసింది మరి. "అది చర్చి వాళ్ల బడి, మనది కాదు, నేను రాయను" అని కూర్చుంది.

అమ్మమ్మ చదివిన కాన్వెంటు వరంగల్ వైపుది. వరంగల్ మేత్రాసనం, అంటే ఒక బిషప్పు కింద ఉండే క్యాథలిక్ చర్చిల ప్రాంతం, హైదరాబాద్ నుంచి విడిపడింది 1952 డిసెంబరు 22న. తొలి పీఠాధిపతి, అంటే బిషప్పు, ఇటలీ నుంచి వచ్చిన పీమే అనే క్యాథలిక్ మిషనరీ సంఘం సభ్యుడు అల్ఫోన్సో బెరెట్టా. పీఠం కాజీపేట ఫాతిమానగర్‌లో. మగపిల్లల బడి సెయింట్ గాబ్రియేల్స్ 1955లో అక్కడే మొదలైంది. నిజాం హయాంలో ఉర్దూలో నడిచిన పై చదువులు 1948 తర్వాత దారి మళ్లుతున్న కాలమది. ఎదిగిన ఆడపిల్లను బయటికి పంపని ఇళ్లు సైతం కాన్వెంటుకు పంపాయి. చదువు చెప్పేది ఆడవాళ్లు, గేటు దాటాలంటే చీటీ కావాలి, అంతే ధైర్యం. మతం మాటకొస్తే, మామూలుగా క్యాథలిక్ పిల్లలు క్యాటకిజం అనే మతబోధ తరగతికి, తక్కినవాళ్లు మోరల్ సైన్స్‌కు. మైనారిటీలకు బడి పెట్టుకునే హక్కు ఇచ్చింది రాజ్యాంగం 30వ అధికరణం. ఎయిడెడ్ బడిలో ఇష్టం లేనివాళ్లను మతబోధకు కూర్చోబెట్టకూడదన్నది 28వది.

ఇలాంటి బడి చరిత్ర రాయాలంటే స్వర్ణోత్సవ సంచికతో మొదలుపెట్టకండి. కాన్వెంటు వచ్చిన ఏడు, ప్రైమరీ తెరిచిన ఏడు, హైస్కూలుగా గుర్తింపు వచ్చిన ఏడు, మొదటి పదో తరగతి బ్యాచి వెళ్లిన ఏడు, నాలుగూ వేరువేరు. సంచిక వాళ్లు తమకు నచ్చింది వేస్తారు, అక్కడే లెక్క తప్పుతుంది. నమ్మాల్సింది అడ్మిషన్ రిజిస్టరును. దానికి తాళంచెవి టీసీ మీది అడ్మిషన్ నంబరు. అది లేకపోతే చేరిన ఏడు, తండ్రి పేరు చెప్పి అడగాలి. పెళ్లి తర్వాతి ఇంటిపేరు చెప్పారా, ఆఫీసులో ఎంత వెతికినా దొరకదు. పుట్టినతేదీ గడిని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. బడి జూన్‌లో తెరుస్తారు కనుక అయిదేళ్లు వెనక్కి లెక్కేసి రాసేశారు. ఆ తరంలో అంతమంది జూన్, జులైల్లో పుట్టింది అందుకే. ఒకసారి పదో తరగతి సర్టిఫికెట్ మీదికెక్కాక దాన్ని దింపడం మహా కష్టం.

పాపకు ఇవన్నీ చెప్పాను. మతం గడి, కులం గడి, మాతృభాష గడి పక్కపక్కనే ఉంటాయనీ, మన ఊళ్లో అన్ని గడులవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చున్నారనీ. కూర్చున్నమాట నిజమే కానీ, ఇళ్లవాళ్లు అంత ఆరాటంగా పంపింది సామరస్యం కోసం కాదు, ఆ కాన్వెంటు ఇంగ్లీషు కోసం. ఆ ఇంగ్లీషే మమ్మల్ని ఇక్కడిదాకా తెచ్చింది. ఇప్పుడేమో తెలుగు రాదని పాపను ఆదివారం తెలుగు తరగతికి ఈడ్చుకుపోతున్నాను. ఏ మొహంతోనో!

ఆ వారమే బడి నుంచి ఫారం వచ్చింది. ఇంట్లో మాట్లాడే భాష అన్నచోట తెలుగు అని రాశాను. పాప తొంగి చూసి, "అది నీ భాష కదా మమ్మీ" అంది.

పెన్నుతో రాసేశాను కాబట్టి అట్లనే పంపించాను.