చిక్కుడు పందిరి కింద ఆదివారం

జనవరి చివరి ఆదివారం

హైదరాబాదులో ఈ రోజుల్లో పొద్దున ఏడున్నర దాకా పురుగులకి కూడా బద్ధకమే. చలికి అట్టే కదలవు. ఎండ పిట్టగోడ దాటి పందిరి మీద పడేలోపు ఉన్న ఆ కాస్త సమయమే నాది. ఆ తర్వాత గాలి మొదలవుతుంది, ఆకు ఊగుతుంది, ఇంట్లో పనులు గుర్తొస్తాయి.

మిద్దె మీద చిక్కుడుకి పేను పట్టింది, మొక్కల రసం పీల్చే నల్లటి చిన్న పురుగు. తీగ చివరలు, పూల గెలలు, లేత కాయల తొడిమలు అన్నీ నల్లగా అయిపోయాయి. సంక్రాంతికి ఊరి నుంచి వచ్చిన అమ్మ ఇంకా ఇక్కడే ఉంది. వస్తూ వస్తూ కట్టెల పొయ్యి బూడిద ఒక డబ్బాడు తెచ్చింది. మంచు తడి ఆరకముందే చల్లితే ఆకుకి అంటుకుంటుందని పొద్దున్నే డబ్బాతో పైకి వచ్చేసింది.

"కాసేపు ఆగమ్మా, ఫొటోలు తీసుకుంటా."

"పేను పడితే ఫొటోలు తీస్తారటే ఎవరైనా?" అంది కానీ డబ్బా పక్కన పెట్టి, మల్లె కుండీలో కలుపు పీకుతూ కూర్చుంది.

నా దగ్గరున్నది పాత కెమెరా. చిన్నవాటిని దగ్గరగా, పెద్దగా తీసే మాక్రో లెన్స్ ధర చూసి ఆ ఆశ వదిలేసి, ఉన్న 50 మి.మీ. లెన్స్‌నే తిరగేసి బిగించే రింగు ఒకటి కొన్నాను. దీంతో తీయాలంటే పురుగుకి నాలుగు వేళ్ల దూరంలోకి వెళ్లాలి. ఆటోఫోకస్ ఉండదు, నేనే ముందుకీ వెనక్కీ జరగాలి. స్పష్టంగా వచ్చే మందం మిల్లీమీటరు లోపే. పేను కన్ను బాగా వస్తే కాళ్లు మసక, కాళ్లు వస్తే వీపు మసక. ఎపర్చర్‌ని, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే కంతని, ఎఫ్/11 దాకా మూస్తే కొంచెం నయం, కానీ వెలుతురు చాలదు కాబట్టి ఫ్లాష్ తప్పదు. ఫ్లాష్ నేరుగా పడితే నిగనిగలాడే ఆ నల్లటి వీపు మీద తెల్లటి మచ్చ తప్ప ఇంకేమీ మిగలదు. అందుకే దానికి టిష్యూ పేపరు రెండు మడతలు చుట్టాను. అన్నిటికన్నా పనికొచ్చేది మాత్రం పైసా ఖర్చు లేని పని: తీగని ఎడమ చేత్తో పట్టుకుని, ఆ చేతి మీదే లెన్స్ ఆనించడం. గాలికి తీగ ఊగినా లెన్సూ దాంతోపాటే ఊగుతుంది.

కొంతమంది పురుగుల్ని పట్టుకుని ఫ్రిజ్‌లో పెట్టి, అవి మొద్దుబారాక బయటికి తీసి ఫొటోలు తీస్తారు. చూడగానే తెలిసిపోతుంది నాకు. కాళ్లు ముడుచుకుని, ఏ పనీ చేయకుండా ఉంటుంది పురుగు. అంత అందంగా తీసి ఏం లాభం? అది బతికేది చూపించాలి కదా.

ఇవాళ అదే దొరికింది. ఒక పెద్ద పేను కాండంలోకి ముక్కు దించి రసం పీలుస్తూనే పిల్లని పెడుతోంది. పిల్ల వెనక భాగం ముందు బయటికి వచ్చింది. చాలాసేపటికి కాళ్లు విదిలించుకుని నిలబడింది. వీటికి గుడ్లూ, మగతోడూ అక్కర్లేదు. మన వేడి ప్రాంతాల్లో ఆడవే ఆడవాటిని కంటూ పోతాయి. కడుపులో పిల్ల, ఆ పిల్ల కడుపులో అప్పటికే ఇంకో పిల్ల తయారవుతూ ఉంటుంది. పుట్టినది వారం తిరిగేసరికి తల్లవుతుంది. నాలుగు రోజులు చూడకపోతే తీగంతా నల్లబడిపోయేది ఇందుకే.

పక్కనే చీమ. మీసాలతో పేను వీపు తడుతోంది. వెనక నుంచి తేనెలాంటి చుక్క రాగానే తాగేసి ఇంకోదాని దగ్గరికి వెళ్లింది. చీమలు తాగగా మిగిలినది కింది ఆకుల మీద పడి జిగురుగా మారుతుంది, దాని మీద మసి తెగులు లేస్తుంది. ఆ నలుపు కూడా పేనే అనుకుంటోంది అమ్మ. కాదని చెప్పాను, నమ్మలేదు. చీమలు తక్కువున్న కొమ్మ మీద అక్షింతల పురుగు (లేడీబర్డ్) పిల్ల ఒకటి, చిన్న మొసలి లాంటిది, పేనుని నోట కరుచుకుని ఉంది. అది కుదురుగా ఉంటేగా! దాని ఫొటోలన్నీ మసకే.

ఎండ ఎక్కింది. లేచేసరికి మెడ పట్టేసింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫొటోలు లాప్‌టాప్‌లో పెద్దవి చేసి చూస్తుంటే, నల్లవాటి మధ్య గోధుమరంగులో ఉబ్బి, గుండ్రంగా, కదలకుండా అతుక్కుపోయినవి కొన్ని కనిపించాయి. కంటికి ఇవి ఎండిన పూరేకుల్లో కలిసిపోతాయి. వాటిలో ఒకదాని వెనక వైపు, ఎవరో కొలిచి కోసినట్టు గుండ్రటి రంధ్రం. అమ్మని పిలిచి చూపించాను. రెండు మూడు మిల్లీమీటర్ల కందిరీగ జాతి ఒకటుంది, బతికున్న పేను ఒంట్లో గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలంతా తినేసి, ఆ డొల్లలోనే పెరిగి, ఇలా మూత కోసుకుని వస్తుంది అని చెప్పాను.

"అంటే దాని కడుపులో పిల్లలు, పిల్లల కడుపులో పిల్లలు చాలక, మళ్లీ ఇదొకటా!" అని కళ్లద్దాలు సర్దుకుని ఇంకా దగ్గరికి వచ్చింది. "బూడిద చల్లితే ఈ కందిరీగలు కూడా పోతాయా?"

మెత్తటి చిన్న పురుగులన్నిటికీ ఇబ్బందేనన్నాను. కాసేపు ఆలోచించి తనే తీర్పు చెప్పింది: పిట్టగోడ వైపు, పేను మరీ దట్టంగా ఉన్న చివరలు తుంచి సబ్బు నీళ్లలో వేయాలి, మిగతా చోట పైపుతో నీళ్లు గట్టిగా కొట్టాలి, గోధుమరంగువి ఉన్న కొమ్మలు ముట్టుకోకూడదు. ఆ కొమ్మలేవో ఫొటో చూసి నేనే గుర్తుపట్టాలి. సాయంత్రమంతా లాప్‌టాప్ చేతిలో పట్టుకుని మిద్దె మీద తిరగడంతో సరిపోయింది. పనిలో పనిగా రెండు గుప్పిళ్ల కాయలు కోసింది.

పడుకోబోతుంటే, వంగ ఆకుల వెనక సన్నటి బూజులా ఉంది, రేపు అది తియ్యమంది. ఎర్రనల్లి అయ్యుంటుంది. అది అర మిల్లీమీటరు. ఈ తిరగేసిన లెన్స్‌తో చుక్కలా తప్ప రాదు. పైగా రేపు సోమవారం, ఆఫీసుకి తొందరగా బయల్దేరాలి. సరేనన్నాను, బ్యాటరీ ఛార్జింగ్‌లో పెట్టాను.