కొండ దిగే రోజుకీ ఒక ప్లాను కావాలి

ఉత్తరాంధ్ర నుంచి మహేంద్రగిరి కొండ ఎక్కడానికి బ్యాగులేసుకుని బయల్దేరే జట్లు ఎక్కే రోజు గురించి నెల ముందు నుంచీ మాట్లాడుకుంటాయి. ఎవరి దగ్గర టెంటుంది, ఎవరు బియ్యం తెస్తారు, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, అన్నీ లెక్కే. దిగే రోజు దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘దిగిపోతే పలాసలో ఏదో బండి దొరుకుతుంది’ అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. చీలమండ మెలిక పడేది, బండి తప్పిపోయేది, తడి టెంటు ఎవరి గదిలోనో మూల పడి పాడయ్యేది ఆ రోజునే. అందుకే ఈ పోస్టులో ఎక్కడం గురించి ఏమీ లేదు. ఆఖరి పొద్దు లేచిన దగ్గర్నుంచి ఇంటికొచ్చిన మూడు వారాల దాకా చూసుకోవాల్సిన పనులే ఉన్నాయి.

ముందు టైము. ఇంటి ప్రయాణాన్ని బండి టైము నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. మహేంద్రగిరి 1,501 మీటర్ల ఎత్తు, ఉన్నది ఒడిశా గజపతి జిల్లాలో. మన వాళ్లు మామూలుగా మందస వైపు దిగి పలాస చేరుకుంటారు, లేదా పర్లాకిమిడి వైపు దిగి పాతపట్నం వస్తారు. మందస దారే అనుకుందాం. పలాసలో రాత్రి ఏడింటికి బండి ఉంటే స్టేషన్లో ఆరింటికి ఉండాలి. మందస నుంచి పలాసకి ప్రయాణం గంట, బస్సు కోసమో షేర్ ఆటో నిండడం కోసమో నిలబడేది ఇంకో గంట. అంటే మందసలో నాలుగింటికి ఉండాలి. కొండ కింద ఊరి నుంచి మందసకి ఆటో దొరికి చేరడానికి గంట, కాబట్టి ఆ ఊళ్లో మూడింటికి ఉండాలి. బరువుతో దిగేటప్పుడు గంటకి 300 మీటర్ల ఎత్తు తగ్గితే మంచి నడకే. పదమూడు పద్నాలుగు వందల మీటర్లు దిగడానికి ఐదు గంటలు పట్టొచ్చు. దారి తప్పడానికీ, ఒకరి కాలు నొప్పికీ ఇంకో గంట వదలండి. తొమ్మిదింటికి నడక మొదలవ్వాలి, అంటే ఆరున్నరకే అందరూ లేవాలి. ఎనిమిదింటి దాకా పడుకుంటే ఈ లెక్కలో ఉన్న ఒక్క మిగులు గంటా పోయినట్టే.

శివరాత్రి రోజుల్లో భీముడి గుడికీ కుంతి గుడికీ జనం వస్తారు కాబట్టి కింద ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. మిగతా రోజుల్లో మధ్యాహ్నం దాటాక కింది ఊళ్లల్లో బండి దొరకడం కష్టం. ఎక్కే రోజునే దింపిన ఆటో అతనితో మాట్లాడుకుని, నంబరు ఒకరి ఫోన్లోనే కాకుండా కాయితం మీద కూడా రాసుకోండి. కొండ మీద చార్జింగ్ అయిపోతే కాయితమే దిక్కు.

పొద్దు గూకకుండా ఊరు చేరాలనడానికి ఇంకో కారణం ఎలుగుబంట్లు. మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు జీడితోటల్లో అవి తెల్లారగట్లా సందెవేళా తిరుగుతాయి. జీడిమామిడి, పనస పండే కాలంలో మరీను. డిసెంబరులో మన దగ్గర ఐదున్నర లోపే సూర్యుడు కుంగిపోతాడు. సీతంపేట, కురుపాం వైపు వెళ్లే జట్లకి ఏనుగుల సంగతి కూడా ఉంది. 2007లో ఒడిశా నుంచి గుంపు వచ్చిన దగ్గర్నుంచీ ఆ చుట్టుపక్కల అవి తిరుగుతూనే ఉన్నాయి. ఊరివాళ్లు ‘ఇయ్యాల అటు ఎల్లకండి బావూ’ అంటే ఆ దారి వదిలెయ్యడమే, వాదన పెట్టుకోకూడదు.

అక్టోబరు, నవంబరులో వెళ్లేవాళ్లు తిరుగు టికెట్టుకి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న కబురు వస్తే పైకి వెళ్లడం మానాలి, పైన ఉంటే ఒక రోజు ముందే దిగిపోవాలి.

ఇప్పుడు సామాను సర్దుడు. చలికాలంలో కొండ మీద టెంటు పై గుడ్డ పొద్దున్నే తడిసే ఉంటుంది. బయట మంచు, లోపల మన ఊపిరి ఆవిరి, రెండూ కలిసి. ఎండ వచ్చి ఆరేదాకా కూర్చుంటే రెండు గంటలు పోతాయి. పై గుడ్డ విప్పి ఇద్దరు చెరోవైపు పట్టుకుని గట్టిగా దులపండి, తర్వాత నూలు తువ్వాలుతో తుడిచి పిండండి. నీళ్లు చాలావరకూ అక్కడే పోతాయి. లోపలి టెంటు సాధారణంగా పొడిగానే ఉంటుంది. దాన్ని పై గుడ్డతో కలిపి ఒకే సంచిలో కుక్కకూడదు. పై గుడ్డకి వేరే ప్లాస్టిక్ కవరు పెట్టి బ్యాగులో అన్నిటికన్నా పైన ఉంచండి. మేకులకి మట్టి అంటుకుని ఉంటే అక్కడే తుడిచెయ్యండి, వాటి మొనలు గుడ్డని కోసేస్తాయి, వాటికీ వేరే సంచి ఉండాలి.

ఉమ్మడి సామాను ఎవరి చేతికి వెళ్లాలో తేల్చాల్సింది కూడా కొండ మీదే. మామూలుగా ‘నీది తేలిగ్గా ఉంది, నువ్వు పట్టుకో’ అని పంచేస్తారు. నా మటుకు బరువు చూసి పంచడం నడకకే సరి. ఇంటికి వెళ్లే సామాను ఎవరింటికి ఏముంది అన్నది చూసి పంచాలి. తడి టెంటు డాబా ఉన్న ఇంటికి, ముందు చేరే మనిషి చేతికి వెళ్లాలి. ఆమదాలవలసలో దిగేవాడు ఆ రాత్రే విప్పి ఆరేస్తాడు. అక్కణ్ణుంచి రాత్రి బండిలో హైదరాబాదు వెళ్లి హాస్టల్ గదిలో ఉండేవాడికి అదే టెంటు ఇస్తే, అది మూడు రోజులు మూటలోనే ఉండి వాసన పట్టేస్తుంది. అతనికి గిన్నెలు, తాళ్లు, మేకులు ఇవ్వండి.

వంటకి తెచ్చిన చిన్న గ్యాస్ డబ్బా సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. 1989 రైల్వే చట్టం 164వ సెక్షను ప్రకారం ప్రమాదకరమైన సామాను బండిలో పట్టుకెళ్తే మూడేళ్ల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సగం ఉన్న డబ్బా అయినా, స్టవ్వుకి తెచ్చిన కిరసనాయిలు సీసా అయినా అంతే. రద్దీ బోగీలో వాల్వు కారితే ఏమవుతుందో చట్టం చెప్పక్కర్లేదు. ఎంత గ్యాసు మిగిలిందో తెలియాలంటే డబ్బాని నీళ్లలో వదలండి. నిండుది లోతుగా మునుగుతుంది, ఖాళీది పైకి తేలుతుంది. ఆఖరి రోజు పొద్దున్న టీ, అన్నం, తాగే నీళ్లు కాచడం అన్నీ దాని మీదే కానిచ్చెయ్యండి. అప్పటికీ మిగిలితే సొంత బండి మీద వెళ్లే మనిషి ఉంటే ఇవ్వాలి. చెత్త మొత్తం కిందకి రావాల్సిందే. ప్లాస్టిక్ కవర్లు కాల్చడం, గుడుల దగ్గర రాళ్ల సందుల్లో దోపడం చెయ్యొద్దు. రాజేంద్ర చోళుడి శాసనం ఉన్న కొండ అది, మనకన్నా ముందు వెయ్యేళ్లుగా మనుషులు భక్తితో ఎక్కిన చోటు.

దిగే ముందు కాలి గోళ్లు కత్తిరించుకోండి. దిగేటప్పుడు పాదం బూటులో ముందుకి జారుతుంది, పొడుగు గోరు బూటు ముక్కుకి గుద్దుకుని నల్లబడిపోతుంది. చీలమండ దగ్గర లేసు బిగించి, వేళ్ల దగ్గర కొంచెం వదులు ఉంచాలి. ఊతకర్ర ఎక్కేటప్పటి కన్నా ఒక బెత్తెడు పొడుగ్గా పట్టుకోవాలి. అడుగులు చిన్నవిగా, మోకాలు కొంచెం వంచి వెయ్యాలి. పరుగు తీసేవాణ్ణి ముందు నడవనివ్వకండి. అందరికన్నా నెమ్మదిగా నడిచేవాడు రెండో స్థానంలో ఉంటే జట్టు విడిపోదు. పొక్కు వస్తే చర్మం పీకకూడదు. బాగా ఉబ్బి నొప్పిగా ఉంటే కాల్చి చల్లార్చిన సూదితో అంచున చిన్న బొక్క పెట్టి నీరు తీసి, పైన శుభ్రమైన గుడ్డ కట్టాలి.

రైలు విషయంలో ఒక చిక్కు తరచూ వస్తుంది. అందరికీ ఒకే టికెట్టు తీసి, మనుషులు మాత్రం వరసగా శ్రీకాకుళం రోడ్డు (ఆమదాలవలస స్టేషనే), చీపురుపల్లి, విజయనగరం, విశాఖల్లో దిగిపోతారు. ముందు దిగడానికి ఇబ్బందేమీ లేదు. కానీ టికెట్టు మెసేజీ, గుర్తింపు కార్డు రెండూ ఆమదాలవలసలో దిగిపోయేవాడి దగ్గరే ఉంటే, తర్వాత టీటీఈ వచ్చినప్పుడు మిగిలినవాళ్లు చూపించడానికి ఏమీ ఉండదు. మెసేజీ అందరి ఫోన్లలోకీ పంపాలి, అందరూ కార్డు పట్టుకుని ఉండాలి. ఆన్‌లైన్లో తీసిన టికెట్టులో అందరూ వెయిటింగ్‌లోనే మిగిలిపోతే చార్టు వేశాక అది దానంతటదే రద్దయిపోతుంది, దాంతో బండి ఎక్కకూడదు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, పండగల రోజుల్లో ఆ మొదటి పొద్దే చూసుకోవాలి. జనరల్ టికెట్టయితే 200 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి తీసిన మూడు గంటల్లోపు బయల్దేరాలి. పొద్దున్నే తీసి పెట్టుకుంటే పనికిరాదు. పర్లాకిమిడి వైపు దిగినవాళ్లకి గుణుపురం–నౌపడ లైను ఉంది గానీ బళ్లు తక్కువ. పాతపట్నం నుంచి ఆర్టీసీ బస్సులో టెక్కలికో శ్రీకాకుళానికో రావడమే తేలిక. దసరా తర్వాత మంగళవారం సిరిమాను పండగ రోజున విజయనగరంలో దిగేవాళ్లు ఊళ్లోంచి బ్యాగులతో దాటాలనుకోకండి, ఆ రోజు ఊరంతా పైడితల్లి అమ్మవారిదే.

స్లీపర్లో మనిషికి 40 కిలోల సామాను ఉచితం కాబట్టి బరువుతో ఇబ్బంది లేదు. వేలాడే పట్టీలతోనే తంటా. బెర్తు కింద నుంచి లాగేటప్పుడు పక్కవాళ్ల గొలుసుకీ పెట్టెకీ చుట్టుకుంటాయి. 25 కిలోల బియ్యం సంచిలో బ్యాగు దించి మూతి కట్టేస్తే ఆ గొడవ ఉండదు, బురద కూడా ఎవరికీ అంటదు. చెప్పులు, పొడి బట్టల జత, కార్డు మాత్రం బయట చిన్న సంచిలో ఉంచుకోండి.

డబ్బుల లెక్క పలాస దాటగానే మొదలెట్టండి. శ్రీకాకుళం రోడ్డుకి డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు, ఆ టైము చాలు. ఒకరు దిగిపోయాక ఫోన్లో తేల్చే లెక్క నెలలు సాగుతుంది. బండెక్కే ముందు ఇంటికి జీడిపప్పు కొనేవాళ్లు పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో గుళ్ల రకం అడిగేటప్పుడు 240, 320 అన్న అంకెలు వింటారు. అవి ఒక పౌండు బరువుకి ఎన్ని పప్పులు తూగుతాయన్న లెక్క, అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది. పాయసానికీ కూరకీ బద్దలు చాలు.

ఇంటికి చేరిన రాత్రి ఎంత అలసటగా ఉన్నా మూడు పనులు ఆపొద్దు: తడివన్నీ మూటల్లోంచి బయటకి తియ్యడం, బూట్ల లోపలి అట్టలు పీకి పాత పేపర్లు కుక్కడం, సబ్బుతో ఒళ్లంతా రుద్ది స్నానం. మన తీరం గాలిలో తేమ ఎక్కువ, తడి టెంటు మూటలో రెండు రోజులుంటే బూజు మచ్చలు వస్తాయి, అవి పూర్తిగా పోవు. పొద్దున్న డాబా మీద నీడపట్టున ఆరెయ్యండి, నీడ లేకపోతే గదిలో ఫ్యాను కింద. గంటల తరబడి ఎండ తగిలితే నైలాను బలం పోతుంది. మట్టి ఉంటే స్పాంజి, మామూలు సబ్బు నీళ్లు చాలు. బట్టల సోపు పొడి, బ్లీచింగు వాడితే పైపూత లేచిపోతుంది. బారువ, భావనపాడు తీరాల్లో కూడా టెంటు వేసి వచ్చినవాళ్లు జిప్పులని మంచినీళ్లతో కడిగి పాత టూత్‌బ్రష్‌తో ఇసుక తియ్యాలి, ఉప్పు వాటి పళ్లని తినేస్తుంది. పూర్తిగా ఆరాకే మడత పెట్టాలి. తేమ మిగిలితే లోపలి పాలీయురేథేన్ పూత నెమ్మదిగా కరిగి జిగురు పట్టి పుల్లటి వాసన వేస్తుంది. అలా మొదలైన టెంటుని బాగుచెయ్యడం కుదరదు.

స్లీపింగ్ బ్యాగు కుక్కిన సంచిలో ఉంచితే దూది అణిగి వెచ్చదనం పోతుంది, పాత దిండు గలీబులో వదులుగా పెట్టండి. గాలి మ్యాటు మూత తెరిచి నిలువుగా ఉంచాలి. హెడ్‌లైట్లోంచి సెల్లులు తీసెయ్యాలి, పవర్ బ్యాంకు సగం చార్జింగులో ఉంచాలి. బూట్లు ఎండలో గానీ పొయ్యి దగ్గర గానీ ఆరబెట్టకండి, అడుగు జిగురు వదిలేస్తుంది. కాళ్ల నొప్పి రెండో రోజు ఎక్కువవుతుంది, మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. అది మామూలే, కొంచెం కొంచెం నడిస్తే తగ్గుతుంది.

జ్వరం మాత్రం మామూలు అనుకోవద్దు. గడ్డిలో, పొదల్లో ఉండే మైట్ అనే సన్నటి పురుగు పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది, చాలాసార్లు ఆరు నుంచి ఇరవై ఒక్క రోజుల్లోపు. స్నానం చేసేటప్పుడు చంకలు, గజ్జలు, నడుం పట్టీ చోటు, మోకాళ్ల వెనక చూసుకోండి. సిగరెట్టు కాలినట్టు నల్లటి పక్కు ఉంటే అదే గుర్తు, కానీ అందరికీ కనిపించదు. ఏజెన్సీ ఊళ్లల్లో పడుకున్నవాళ్లకి మలేరియా కూడా రావచ్చు, అందులో వైవాక్స్ రకం నెలల తర్వాత సైతం బయటపడుతుంది. ఒంట్లో వేడి తగలగానే సొంతంగా మాత్రలు మింగకుండా రక్తపరీక్ష చేయించుకోండి. ఏ కొండ మీద, ఎన్ని రాత్రులు, ఏ తేదీల్లో పడుకున్నారో డాక్టరుగారికి మొదటి మాటగా చెప్పండి. స్క్రబ్ టైఫస్‌కి డాక్సీసైక్లిన్ బాగా పనిచేస్తుంది, ఆలస్యమైతేనే ప్రాణం మీదకి వస్తుంది. పరీక్షలో ఏదైనా తేలితే అదే రోజు జట్టులో మిగిలినవాళ్లకి ఫోన్ చెయ్యండి, వాళ్లూ ఆ గడ్డి మీదే పడుకున్నారు కదా.