నీళ్ళలో లేని నీడ

పడుకుందామని లైటు తీసేశాక ఫోన్ చూశా, అంతే, నిద్ర ఎగిరిపోయింది. నార్వేలోని ట్రోమ్సోలో నేను తీసిన అరోరా (ధ్రువం దగ్గరి దేశాల్లో రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు) ఫొటో ఒకటి బావగారు ఏదో యాప్‌లో పెట్టి, ఆకాశం మొత్తం ఆకుపచ్చ చేసేసి, కింద నీళ్ళలో దాని నీడ కూడా తెప్పించి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. "మన అమ్మాయి తీసిందే, కొంచెం బాగుచేశాను" అట. నేను పెట్టిన రోజు పలకని వాళ్ళంతా ఇప్పుడు పూలూ దండాలూ. అత్తయ్య అప్పుడే డీపీ కూడా మార్చేశారు. ఈయనతో అంటే "పోనీలే, అన్నయ్య ప్రేమగానే చేశాడు కదా" అని అటు తిరిగి పడుకున్నారు. ప్రేమ సంగతి నాకూ తెలుసు, ఆయన్ని ఒక్క మాట అనను, కానీ ఆ రాత్రి ఉన్న గాలికి ఫ్యోర్డ్‌లో (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) నీళ్ళు కుదురుగా లేనే లేవు, నీడ ఎక్కణ్ణుంచి వస్తుంది?

ట్రోమ్సో పక్కనే క్వాలోయా దీవిలో ఆ ఫొటో తీసిన చోటు నాకు ఇంకా కళ్ళముందే ఉంది. జనవరి మొదట్లో వెళ్ళాం కదా, నవంబర్ ఆఖరు నుంచి జనవరి మధ్య దాకా అక్కడ సూర్యుడు పైకే రాడు. చలికి బ్యాటరీ ఊరికే దిగిపోతుంటే రెండోది స్వెటర్ లోపల దాచుకుని, ట్రైపాడ్ పట్టుకోలేక, పట్టుకోకపోతే గాలికి పడిపోతుందని భయపడుతూ నిలబడ్డా. మమ్మల్ని తీసుకెళ్ళినాయన అదిగో అని చూపిస్తే నాకు కనిపించింది సాంబ్రాణి పొగ లాంటి బూడిదరంగు చార. మబ్బనుకున్నా. ఆయన కెమెరా అటు పెట్టి ఫొటో తీసి స్క్రీన్ చూపించాడు, ఆకుపచ్చ! ఆ తర్వాత చాలాసేపు నేను కెమెరా ముట్టుకోలేదు. ఆ చార మెల్లగా కదలడం, ఒక అంచు సన్నబడి ఇంకో చోట మళ్ళీ చిక్కబడడం, అదే చూస్తూ ఉండిపోయా. ఇన్నేళ్ళూ ఏ ఆకాశాన్నీ అంతసేపు చూడలేదు నేను.

ఇది టైప్ చేస్తుంటే ఇంకోటి తడుతోంది. నా ఫొటోలో ఆకుపచ్చ కూడా నా కన్ను చూసింది కాదు కదా. అంత తక్కువ వెలుతురులో మన కంటికి రంగు సరిగ్గా తెలీదు, 8 సెకన్లు షట్టర్ తెరిచి ఉంచితే కెమెరాకి తెలిసింది. మరి బావగారు చేసిందానికీ నేను చేసిందానికీ తేడా ఎంత? కాసేపు నిజంగానే కోపం తగ్గింది. 2024 మేలో పెద్ద సౌర తుఫాను వచ్చినప్పుడు లడఖ్‌లో హాన్లే దగ్గర ఆకాశం ఇలాగే అరోరాతో ఎర్రగా ఉందని పట్టుకున్నదీ కెమెరాలే. దాన్ని ఎవరైనా అబద్ధం అంటారా? అనరు. ఎందుకంటే ఆ వెలుగు అక్కడ ఉంది. నా ఫొటోలోనూ అంతే, 100 కిలోమీటర్ల పైన ఆక్సిజన్ నిజంగానే ఆకుపచ్చగా వెలిగింది, కెమెరా దాన్ని పోగుచేసింది అంతే. నీళ్ళలో నీడ మాత్రం ఎక్కడా లేదు. లేదు, నా కోపం న్యాయమే.

అసలు నాకు ఎక్కువ ఇష్టమైంది ఆ ఫొటో కాదు, మర్నాడు మధ్యాహ్నం తీసింది. మంచు ఎక్కువుంటే కెమెరా దాన్ని బూడిదరంగు చేసేస్తుందని ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుతురు) కొంచెం పెంచి తీశా, తీశాక తల ఎత్తి చూస్తే మంచు తెల్లగా లేదు, నీలంగా ఉంది, దక్షిణం వైపు కొండల అంచున కాస్త గులాబీ. పన్నెండింటికి! అప్పట్నుంచి ఇక్కడ బెంగళూరు మార్తహళ్ళిలో కూడా సూర్యుడు దిగాక టెర్రస్ మీదే నిలబడుతున్నా, వీధిలైట్లు ఆకాశాన్ని నారింజ చేసేలోపు ఆ నీలం ఇక్కడా కాసేపు ఉంటుంది, చిన్నాడికి కూడా చూపించా.

గ్రూపులో ఏమీ రాయను. ఆ మధ్యాహ్నం ఫొటో ప్రింట్ తీయించి, ఫ్రేమ్ కట్టించి, దసరాకి ఊరెళ్ళినప్పుడు బావగారికే ఇస్తా, గాలి ఎలా ఉందో, నీళ్ళు ఎలా ఉన్నాయో పక్కన కూర్చుని చెప్తా. ఓపిగ్గా వినే మనిషే ఆయన.