డాలు పట్టిన డోడో

మంగళవారం, రాత్రి.

మా మేడమీది గదిలో ఈ ఉదయం మారిషస్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ దిగారు; సింహాచలం దర్శనానికి వచ్చారట. విదేశీయులు బస చేస్తే నింపవలసిన ఫారం కోసం ఆవిడ పాస్‌పోర్టు అడిగి తీసుకున్నాను. వివరాలు ఎక్కించడం పది నిమిషాల పనే అయినా, అట్టమీది రాజచిహ్నం దగ్గర అరగంట ఆగిపోయాను.

గుడి వాకిట ద్వారపాలకుల్లా, ఇలాంటి చిహ్నం నడుమ ఉండే డాలుకు అటూ ఇటూ నిలబడే ప్రాణులను ఇంగ్లీషువారు సపోర్టర్లు అంటారు. (మద్దతుదారులు అని రాద్దామంటే ఎన్నికల వాసన వస్తోంది.) ఆ కొలువు ఎక్కువగా సింహాలకే దక్కుతుంది. ఆస్ట్రేలియా కంగారూను, ఈమూను నిలబెట్టుకుంది. వింతే గాని, అవి బతికి ఉన్న జంతువులు. మారిషస్ డాలుకు కుడిపక్క, అంటే విగ్రహాలకు చెప్పుకున్నట్టు డాలు పట్టినవాడి కుడి, చూసే మనకు ఎడమ, డోడో ఉంది. ఈ చిహ్నం 1906 నాటిది; ఎగరలేని ఆ పక్షి 17వ శతాబ్దం ముగిసేలోపే నశించిపోయింది. పోయి రెండు వందల ఏళ్లు దాటిన పక్షికి కాపలా పని అప్పగించిన వారి ధైర్యం నాకు నచ్చింది.

రెండో పక్కన జింక. చిహ్నం వర్ణనలో దాన్ని సాంబర్ అన్నారు, అంటే మన కణితి. కాని ఆ ద్వీపంలో తిరిగేది 1639లో డచ్చివారు జావా వైపు నుంచి ఓడలో తెచ్చి వదిలిన రూసా, కణితికి దాయాది మాత్రమే. పక్షీ జింకా చెరొక చెరకు గడను నిలువుగా పట్టుకుని ఉంటాయి. ఆ చెరకును తెచ్చినదీ డచ్చివారే, అదే ఏడు. ఈ మూడింటిలో ఆ నేలమీద పుట్టినది డోడో ఒక్కటే, ఇప్పుడు లేనిదీ అదే.

సాయంత్రం కాఫీకి కిందికి వచ్చినప్పుడు పాస్‌పోర్టు తిరిగి ఇస్తూ ఈ సంగతి ఎత్తాను. ఇంట్లో అక్కడి క్రియోల్ భాష మాట్లాడే ఆవిడ, బడిలో నేర్చుకున్న తెలుగును కూడబలుక్కుంటూ, తమ పెద్దలు కోరంగి రేవులో ఓడ ఎక్కారని చెప్పారు. నేను డోడోను చూపిస్తుంటే, ఆవిడ వేలు చెరకు గడమీద ఆగింది. "ముత్తాత ఇదే నరికాడు," అన్నారు.

ఫారం ఇంకా పంపలేదు. గడువు 24 గంటలే కనుక తెల్లవారగానే ఆ పని చూడాలి.