ఖరగ్‌పూర్ మిడ్‌ఫీల్డర్ శ్రీకాకుళంలో కోచ్ అవ్వాలంటే: నా అనుభవం

రైల్వే ఉద్యోగాల మీద ఖరగ్‌పూర్ వెళ్లి అక్కడే ఉండిపోయిన సిక్కోలు కుటుంబాల్లో మాదొకటి. ఫుట్‌బాల్ అక్కడే నేర్చుకున్నాను, మిడ్‌ఫీల్డ్‌లో, అంటే వెనక కాపు కాసేవాళ్లకీ ముందు గోల్ కొట్టేవాళ్లకీ మధ్యన ఆడాను, మోకాలు ఇక చాలంది, ఊరికి తిరిగొచ్చి పిల్లలకి నేర్పుతున్నాను. నా గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు. బయట ఆడి వచ్చి ఇక్కడ కోచింగ్ మొదలెడదామనుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సంగతులు ఒకచోట రాస్తున్నాను.

ముందు లైసెన్సు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, అదే ఏఐఎఫ్ఎఫ్, ఇచ్చే ‘డి’తో మెట్లు మొదలవుతాయి. పైన సి, బి, ఏ, చివర ప్రో. ఆ పైమెట్లు ఆసియా సమాఖ్య ఏఎఫ్‌సీ గుర్తింపుతో వస్తాయి. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి పోవాలంటే మధ్యలో నిజంగా పిల్లలకి నేర్పినట్టు చూపించాలి, కాబట్టి డి రాగానే ఏ స్కూల్లోనో క్లబ్బులోనో పని మొదలెట్టి, ఉత్తరం తీసి దాచుకోండి. తర్వాత అడిగితే ఆ హెడ్మాస్టారు బదిలీ అయిపోయి ఉంటారు.

నా దరఖాస్తు మొదటిసారి వెనక్కొచ్చింది. కారణం పేరు. బెంగాల్‌లో పదో తరగతి సర్టిఫికెట్ మీద ఇంటిపేరు చివర ఉంది. ఇక్కడికొచ్చాక ఆధార్‌లో చిరునామా మార్పిస్తూ పేరు కూడా ‘మనవైపు పద్ధతిలో’ పెట్టించాను, ఇంటిపేరు ముందుకొచ్చి కూర్చుంది, స్పెల్లింగులో ఒక అక్షరం కూడా మారింది. కంప్యూటర్‌కి వాళ్లిద్దరూ వేరు మనుషులు. రాష్ట్రం దాటి వచ్చినవాళ్లందరికీ ఒకటే సలహా: పదో తరగతి సర్టిఫికెట్‌ని మూలం చేసుకుని మిగతావన్నీ దానికి సరిపెట్టండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టినతేదీ ఒక్కసారే. తొందరపడి ఒక అవకాశం నేను పోగొట్టుకున్నాను.

నాది రాష్ట్రం మారిన గొడవ. దేశం మారినవాళ్లది ఇంకా పెద్దది. 2013లో భారత్‌కి ఆడిన మిడ్‌ఫీల్డర్ అరాటా ఇజుమీ పుట్టింది జపాన్‌లో, తండ్రి భారతీయుడు, తల్లి జపనీయురాలు. మన చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు గనక జపాన్ పాస్‌పోర్టు వదులుకుంటేగానీ జాతీయ జట్టులోకి రాలేకపోయాడు. ఆడటం అయ్యాక ఆయనా కుర్రాళ్ల కోచింగ్‌లోకే వచ్చాడు.

డి లైసెన్సు కోర్సు నేను చేసినప్పుడు ఆరు రోజులు. గ్రౌండు, క్లాసు, మళ్లీ గ్రౌండు. ఆట నియమాలు, వయసుని బట్టి పిల్లల ఒళ్లు ఎలా మారుతుంది, సెషన్ కాగితం మీద ఎలా గీయాలి, ప్రథమ చికిత్స. చివర రాత పరీక్ష, ప్రాక్టికల్. రాత పరీక్షకి నియమాల పుస్తకం రెండుసార్లు చదివితే చాలు. ఆడినవాళ్లెవరూ ఆ పుస్తకం తెరవరు, అదే చిక్కు. గోల్ కిక్‌లో బంతి ఎప్పుడు ఆటలోకి వచ్చినట్టు అని అడిగితే, పెనాల్టీ ఏరియా దాటాక అని పాత జవాబు రాసేస్తారు. 2019 నుంచి బంతి తన్నాక స్పష్టంగా కదిలితే చాలు.

అసలు పరీక్ష ప్రాక్టికల్. చీటీలో ఒక అంశం వస్తుంది, తోటి కోచ్‌లే పిల్లల్లా నిలబడతారు, ఇరవై నిమిషాల్లో సెషన్ నడపాలి. బాగా ఆడి వచ్చినవాళ్లే ఇక్కడ తడబడతారు. మిడ్‌ఫీల్డర్లయితే మరీనూ: ఆటంతా తన చుట్టూ తిరగడం అలవాటు కదా, డ్రిల్లులో తానే మధ్యలో నిలబడి పాసులు ఇచ్చేస్తుంటాడు. చూపించాల్సింది రెండుసార్లు, ఒకసారి మెల్లగా, ఒకసారి ఆట వేగంలో. తర్వాత బయటికొచ్చి, అందరూ కనిపించే మూలన నిలబడాలి. నాకు ఆ మూలన నిలబడటం నేర్చుకోవడానికే మూడు రోజులు పట్టింది.

రెండో తప్పు వరుస. పన్నెండు మందిని ఒకరి వెనక ఒకరిని నిలబెట్టి ఒక్క బంతితో తన్నించడం. లెక్క వేయండి: ఒక్కొక్కడికి 8 సెకన్లు అనుకుంటే మళ్లీ వంతు రావడానికి 96 సెకన్లు. ఇరవై నిమిషాల్లో ఒక్కో పిల్లాడికి పన్నెండు తాకిళ్లు. అదే ఇద్దరికో బంతి ఇచ్చి, 4 సెకన్లకో పాస్ అనుకుంటే, అంతే సమయంలో 150. బంతులు తక్కువైతే ముగ్గురికొకటి ఇవ్వండి, మూడోవాడు మధ్యలో తిరుగుతూ అడ్డుపడతాడు. వరుస మాత్రం పెట్టకండి.

మూడోది ఉపన్యాసం. ఆట ఆపి దిద్దాలంటే 30 సెకన్ల లోపు ముగించాలి, ఒక తప్పే చెప్పాలి. బంతి ఎక్కడ పోయిందో అక్కడే అందరినీ నిలబెట్టి, ‘నువ్వెక్కడ నిలబడాలి?’ అని వాడినే అడిగి, వాడే జరిగాక ఆట నడిపించాలి. ఇరవై నిమిషాల్లో మూడుసార్లకి మించి ఆపితే పిల్లల ఒళ్లు చల్లబడిపోతుంది, మార్కులూ పోతాయి.

ఇక మిడ్‌ఫీల్డ్ ఎలా నేర్పాలి. కోడి రామ్మూర్తి నాయుడు, కరణం మల్లీశ్వరి వచ్చిన నేల ఇది, బలమంటే ఇక్కడ గౌరవం. బక్క గుంటణ్ణి చూసి ‘ఈడు ఆటకేటి పనికొస్తాడు సార్’ అంటారు తల్లిదండ్రులు. మిడ్‌ఫీల్డర్‌కి ముందు కావాల్సింది మెడ. బంతి రాకముందే రెండు భుజాల మీంచి వెనక్కి చూడాలి. పిల్లాడు బంతి కోసం నిలబడతాడు, ఎదురుగా ఒకడు పాస్ ఇస్తాడు, వెనక ఇంకొకడు ఎర్ర కోనో పసుపు కోనో పైకెత్తుతాడు. బంతి కాలికి తగిలేలోపు రంగు చెప్పాలి. మొదటివారం అందరూ బంతి తగిలాకే తిరిగి చూస్తారు. అప్పుడు పాస్ దూరం 8 మీటర్ల నుంచి 12కి పెంచండి, చూడటానికి సమయం దొరుకుతుంది. అలవాటయ్యాక మళ్లీ తగ్గించండి.

దీనికి తోడు నిలబడే తీరు. పాస్ వచ్చేవైపు ఛాతీ పెట్టి నిలబడితే వీపు మొత్తం ప్రత్యర్థిదే. కొంచెం ఒరిగి, పక్కవాటుగా నిలబడి, బంతిని దగ్గర కాలి ముందునుంచి పోనిచ్చి దూరపు కాలితో అందుకోవాలి. ఒక్క తాకిడితో ముఖం గోల్ వైపు తిరిగిపోతుంది. పిల్లలు దగ్గర కాలితోనే ఆపుతుంటే తప్పు చాలాసార్లు పాస్ ఇచ్చినవాడిది, బంతి దగ్గర కాలికే పంపుతున్నాడు. ముందు వాణ్ణి దిద్దండి.

నలుగురు బయట, ఇద్దరు లోపల ఆడే చతురస్రం పన్నెండేళ్లవాళ్లకి 10 మీటర్లతో మొదలెడతాను. మూడు పాసులు కూడా కుదరకపోతే మీటరు పెంచు, ఎనిమిది దాటి అలవోకగా పోతుంటే మీటరు తగ్గించు. అంతే సూత్రం.

భాష సంగతి ఎవరూ చెప్పరు. నేను ఆట నేర్చుకున్నది బెంగాలీ కేకల్లో: ‘ఛాడ్’ అంటే వదిలెయ్, ‘పేఛొనే’ అంటే వెనక. ఇక్కడ నోట్లోంచి అవే వచ్చేవి, గుంటలు బిక్కమొహాలేసేవారు. ఇంగ్లిష్ కేకలు పెడితే పట్నం బడి పిల్లలకి తెలుసు, మిగతావాళ్లకి తెలీదు. ‘నీ వెనకాల మనిషున్నాడు’ అనేలోపు ఆ మనిషి బంతి పట్టుకుపోతాడు. చివరికి పిల్లల మాటలే మూడు తీసుకున్నాం. ‘ఎనక!’ అంటే మీద మనిషున్నాడు, తిరక్కు. ‘ఖాళీ!’ అంటే సమయం ఉంది, తిరుగు. ‘ఒగ్గీ!’ అంటే బంతి వదిలెయ్, వెనక మనవాడున్నాడు. మూడోదాని ముందు పేరు తప్పనిసరి: ‘రాజూ, ఒగ్గీ!’ పేరు లేకుండా ఉత్తినే అరిస్తే ప్రత్యర్థిని మాటతో ఏమార్చావని రిఫరీ పసుపు కార్డు తీయొచ్చు, అవతలి జట్టుకి ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ కొట్టడానికి కుదరని తన్ను) కూడా పోతుంది.

గ్రౌండు గీయడానికి సున్నం వాడకండి. తడి చేతికో కంటికో తగిలితే కాల్చేస్తుంది. ఇంటిముందు వేసే ముగ్గు చాలు. మూల సరిగ్గా రావాలంటే తాపీమేస్త్రి పద్ధతే: ఒక అంచు మీద 3 మీటర్లు, ఇంకో అంచు మీద 4, రెండు గుర్తుల మధ్య తాడు సరిగ్గా 5 వస్తే మూలమట్టం కుదిరినట్టు. మనకి దొరికేది క్రికెట్ వాళ్లూ వాకింగ్ వాళ్లూ పంచుకునే నేలే కాబట్టి రోజూ గీసుకోవాల్సిందే, ముడులు వేసిన నైలాన్ తాడు సంచిలోనే ఉంచండి.

పన్నెండేళ్లదాకా 4 నంబరు బంతి, బరువు 350 నుంచి 390 గ్రాములు. ఆపైన 5 నంబరు, 410 నుంచి 450. నియమాల ప్రకారం లోపలి గాలి ఒత్తిడి 8.5 నుంచి 15.6 పీఎస్ఐ. మన గట్టి నేల మీద కింది అంచుకి దగ్గరగా ఉంచితేనే బంతి మాట వింటుంది. పంపు సూదిని పొడిగా గుచ్చకండి, లోపలి వాల్వు చీరుతుంది. ఒక చుక్క గ్లిజరిన్ రాస్తే బంతి ఏడాది ఎక్కువ బతుకుతుంది. బూట్లు కొనేవాళ్లకి: గట్టి నేల మీద పొడవాటి స్టడ్లు (బూటు అడుగున ఉండే బుడిపెలు) చీలమండకి శత్రువులు. పొట్టి రబ్బరు స్టడ్లు చాలు, లేదంటే కాన్వాసు బూట్లే నయం.

వార్మప్ సొంతంగా కనిపెట్టక్కర్లేదు. పద్నాలుగు దాటినవాళ్లకి ‘ఫిఫా ఎలెవన్ ప్లస్’ ఉంది, 15 వ్యాయామాలు, ఇరవై నిమిషాలు, వారానికి రెండుసార్లయినా చేయాలి. చిన్నపిల్లలకి వేరే రకం ఉంది. ఎండాకాలం పొద్దున ఐదున్నరకి మొదలెట్టి ఏడు లోపు వదిలెయ్యాలి, సముద్రపు గాలి తేమకి చెమట ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు. ఇరవై నిమిషాలకోసారి నీళ్లు. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతోనే కొలవాలి. ఆట అయ్యాక ఎనర్జీ డ్రింకులకన్నా మన చోడంబలి (రాగి అంబలి) మేలని నా అభిప్రాయం.

కాగితాల దగ్గర మొదలెట్టాను, మళ్లీ అక్కడికే వస్తున్నాను. జట్టు తయారయ్యాక వయసు రుజువు దగ్గర ఆగిపోయేవాళ్లు మన జిల్లాలో ఎక్కువ. అమ్మానాన్న చెన్నైలో కట్టుబడి పనికో, గుజరాత్‌లోని వెరావల్‌లో చేపల వేటకో వెళ్లినప్పుడు పుట్టిన పిల్లలు వీళ్లు. జనన ధ్రువపత్రం అక్కడి మున్సిపాలిటీలో ఉంటుంది, లేదా అసలు నమోదే అయ్యుండదు. ఏడాది దాటిన నమోదుకి మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి, అది వారంలో అయ్యే పని కాదు. టోర్నీ ప్రకటన చూసి పరిగెడితే అందదు. అందుకే పిల్లాడు చేరిన మొదటివారంలోనే ఎక్కడ పుట్టాడు, ఏ ఆస్పత్రి అని నోటుబుక్కులో రాసుకుంటాను. సంక్రాంతికి వాళ్లమ్మానాన్న ఊరొస్తారు, భోగికి ముందే ఇంటికెళ్లి ఆస్పత్రి చీటీ వెతికించి, ఒక జిరాక్స్ నేనుంచుకుని అసలుది వాళ్ల సంచిలో పెట్టిస్తాను, తిరిగెళ్లాక అక్కడే దరఖాస్తు పెట్టమని.